గ్రుడ్ల కౌజు పిట్టలు: మందలో క్రొత్త రక్తము ఎందుకు?

మిరుదొడ్డి మండలములో ఒక రైతు స్నేహితుని వద్ద నుండి 12 కౌజు పిట్టలు తెచ్చుకొనెననుకొనుడు. అందులో 3 మగవి, 9 ఆడవి. చిన్న ఇంక్యుబేటరు నొకటి కొని, ఇంటి వెనుక రేకుల కొట్టములో జాలి గూళ్లు కట్టించెను. ఏడాది తిరుగకుండ పిట్టలు అయిదు వందలైనవి. ఎక్కువ గ్రుడ్లు పెట్టు మూడు గూళ్లను చూచుకొని, ప్రతి విడతకు ఆ గూళ్ల గ్రుడ్లనే పొదుగుటకు పెట్టుచు వచ్చెను. మంచి విత్తనమునే ఎన్నుకొనుచున్నానని ఆయన నమ్మకము.

రెండవ ఏట లెక్క తప్పినది. మునుపు నూరు గ్రుడ్లకు 70 పిల్లలు వచ్చిన చోట ఇప్పుడు 45 మాత్రమే వచ్చుచున్నవి. పుట్టిన వానిలో కొన్ని మొదటి వారములోనే రాలిపోవుచున్నవి. పెరిగి గ్రుడ్లకు వచ్చినవి కూడ మునుపటి వలె పెట్టుటలేదు. రైతు మేత మార్చెను. ఇంక్యుబేటరును బాగు చేయించెను. కరెంటు పోవుటయే కారణమని కొన్నాళ్లు అనుకొనెను. ఏమి చేసినను గుణము కనబడలేదు. తుదకు గూళ్లు అమ్మివేయుటకు సిద్ధపడెను.

ఇది కల్పించి చెప్పిన ఉదాహరణమే. కాని పిట్టలు పెంచినవారిలో ఇటువంటి అనుభవము కలుగుటకు అవకాశము చాల ఎక్కువ. ఆ రైతు కొట్టములో పిట్టలు అయిదు వందలు. వానిలోని రక్తము మాత్రము పన్నెండింటిదే. దోషము అచ్చట నున్నది. దానిని ఎట్లు గుర్తించవలెనో, రాకుండ ఎట్లు చూచుకొనవలెనో ఈ పాఠములో తెలిసికొందము.

ఈ పిట్ట చరిత్ర

మన చేలలో, పచ్చిక బీళ్లలో కనబడు కౌజు, పూరేడు పిట్టలు వేరు. గూళ్లలో పెంచు కౌజు పిట్ట వేరు. పెంచునది జపాను జాతిది. జపానులో మొదట దీనిని కూత కొరకు పెంచెడివారు. ఇరువదవ శతాబ్ది ఆరంభములో గ్రుడ్ల కొరకు ఎంపిక చేయసాగిరి. తరతరములుగా గ్రుడ్లు ఎక్కువ పెట్టు పిట్టలను ఏరుకొనుటచే మంచి గ్రుడ్ల వంశములు ఏర్పడినవి.

పిమ్మట రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. మనుష్యులకే తిండి కరువైన ఆ రోజులలో పిట్టలకు మేత యెక్కడిది? కూత కొరకు పెంచిన వంశములు పూర్తిగా నశించినవి. గ్రుడ్ల వంశములలో కొద్దిపాటి పిట్టలు మాత్రమే మిగిలినవి. యుద్ధము ముగిసిన తరువాత పరిశ్రమను మరల నిలబెట్టినది ఆ మిగిలిన పిట్టల సంతతియే. కొద్ది పిట్టల నుండి వేలకు వేలు పెరిగినవి. కాని నశించిన వంశములలోని గుణములు తిరిగి రాలేదు. ఎంత పెద్ద మందకైనను, అది ఎన్ని పిట్టల నుండి పుట్టినదన్న దానిని బట్టియే లోపలి బలము ఉండునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

మన దేశమునకు ఈ పిట్ట 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ కేంద్రము నుండి వచ్చినది. ఉత్తరప్రదేశ్‌లోని ఇజత్‌నగర్‌లో గల పశువైద్య పరిశోధన సంస్థవారు దీనిని తెప్పించిరి. అచ్చటి కోళ్ల విభాగము 1979లో కేంద్ర పక్షి పరిశోధన సంస్థగా వేరుపడినది. ఆ సంస్థవారు కారి ఉత్తమ్, కారి ఉజ్జ్వల్, కారి శ్వేత, కారి పెర్ల్ మొదలగు వంశములను రూపొందించిరి. వీనిలో కారి పెర్ల్ గ్రుడ్ల కొరకు ఉద్దేశించినది.

రక్తవైవిధ్యము అనగా నేమి?

ప్రతి పిల్లకు ప్రతి గుణమునకు సంబంధించి రెండు జన్యువులు వచ్చును: ఒకటి తండ్రి నుండి, ఒకటి తల్లి నుండి. ప్రతి ప్రాణిలోను కొన్ని చెడ్డ జన్యువులు దాగియుండును. జతలో రెండవది మంచిదైనచో ఆ చెడుగు పైకి కనబడదు. రెండు వైపుల నుండి అదే చెడ్డ జన్యువు కలిసినప్పుడు మాత్రము దోషము బయటపడును. తల్లిదండ్రులు దగ్గరి చుట్టములైన కొలది ఈ కలయికకు అవకాశము హెచ్చును.

దీనికి కౌజు పిట్టలలోనే స్పష్టమైన ఉదాహరణ మొకటి కలదు. ఈకలకు పసుపు వన్నె నిచ్చు జన్యువు ఒకటి ఈ జాతిలో ఉన్నది. ఒక వైపు నుండి మాత్రమే వచ్చినచో పిట్ట అందముగ, ఆరోగ్యముగ ఉండును. తల్లి నుండియు తండ్రి నుండియు వచ్చినచో పిల్ల గ్రుడ్డులోనే చనిపోవును. కావున అట్టి పసుపు పిట్టలను రెండింటిని జతపరచినచో పొదిగిన గ్రుడ్లలో నాలుగవ వంతు వ్యర్థమగును. ఇది రంగు వలన కనిపెట్టగలిగిన దోషము. రంగు లేని దోషములు ఇంకను ఎన్నో కలవు. అవి పిల్లల సంఖ్య తగ్గినప్పుడు గాని తెలియవు.

ఒక మందలో వేరువేరు జన్యువులు ఎన్ని రకములుగా నున్నవో దానినే జన్యు వైవిధ్యము అందురు. మన వాడుక మాటలో రక్తవైవిధ్యము అనవచ్చును. అది తగ్గిన మందలో గ్రుడ్లు తగ్గును, పొట్టు పోయిన గ్రుడ్లు హెచ్చును, పిల్లలు బలహీనమగును.

కౌజు పిట్ట ఈ విషయములో కోడికన్న సున్నితమైనది. కాలిఫోర్నియాలో తోబుట్టువులను తోబుట్టువులతో జతపరచి చూచిన పరిశోధన ఫలితములు 1966లో వెలువడినవి. మూడు తరములు గడచునప్పటికి ఆ వంశములు సంతతిని నిలుపుకొనలేక అంతరించినవి.

పైగా ఈ పిట్టకు కాలము వేగముగ నడచును. గ్రుడ్డు 17, 18 రోజులలో పిల్లయగును. పిల్ల 6, 7 వారములలో గ్రుడ్లకు వచ్చును. కావున ఏడాదికి నాలుగు తరములు తీయవచ్చును. ఆవులలో నాలుగు తరములకు పన్నెండు, పదునైదేండ్లు పట్టును. ఆవుల మందలో తాత చేసిన తప్పు మనుమని కాలములో బయటపడవచ్చును; కౌజు పిట్టలలో అదే తప్పు వచ్చే ఏటికే మీ లెక్కపుస్తకములో కనబడును.

లెక్క వేసి చూడుడు

మందలోని మొత్తము పిట్టలను లెక్కించిన చాలదు. ఏ మగపిట్టలు, ఏ ఆడపిట్టలు తరువాతి తరమునకు తల్లిదండ్రులగుచున్నవో వానినే లెక్కింపవలెను. అందులోను మగవాని సంఖ్య ముఖ్యము.

లెక్క తేలికయే. తల్లిదండ్రులుగా వాడిన మగపిట్టల సంఖ్యను ఆడపిట్టల సంఖ్యతో హెచ్చించి, దానిని 4తో హెచ్చించి, మొత్తము తల్లిదండ్రుల సంఖ్యతో భాగించుడు. వచ్చినదానిని సార్థక సంఖ్య యందము. 100ను ఆ సార్థక సంఖ్యకు రెట్టింపుతో భాగించినచో తరమునకు ఎంత శాతము వైవిధ్యము పోవుచున్నదో సుమారుగా తెలియును.

మొదటి ఉదాహరణ: 3 మగవి, 9 ఆడవి. 3ను 9తో, 4తో హెచ్చించిన 108. దానిని 12తో భాగించిన 9. తరమునకు నష్టము సుమారు 5.6 శాతము.

రెండవ ఉదాహరణ: 4 మగవి, 80 ఆడవి. మొత్తము 84. సార్థక సంఖ్య సుమారు 15. నష్టము తరమునకు సుమారు 3.3 శాతము.

మూడవ ఉదాహరణ: 24 మగవి, 60 ఆడవి. మొత్తము అవే 84. సార్థక సంఖ్య సుమారు 69. నష్టము తరమునకు సుమారు 0.7 శాతము.

రెండవ, మూడవ ఉదాహరణలలో పిట్టలు సమానమే; మేత ఖర్చు సమానమే. మగవాని సంఖ్య మార్చినందున నష్టము దాదాపు అయిదవ వంతునకు దిగినది.

ఏడాదికి నాలుగు తరముల చొప్పున చూచినచో, మొదటి రైతు మందలో 20 శాతము, రెండవ దానిలో 12 శాతము, మూడవ దానిలో 3 శాతము వరకు వైవిధ్యము పోవును. తోబుట్టువులను జతపరచగా పుట్టిన పిల్లలలో ఈ నష్టము 25 శాతము. అనగా మొదటి రైతు, తోబుట్టువులను ఎన్నడును కావలెనని జతపరచకపోయినను, ఒక్క ఏడాదిలోనే ఆయన మంద అంతయు ఆ స్థితికి దగ్గరకు వచ్చినది.

దోషము రక్తములోనే యున్నదని ఎట్లు తెలియును?

పిల్లలు తగ్గిన ప్రతిసారి రక్తమును నిందింపరాదు. ముందు ఈ క్రింది విషయములు సరిచూచుకొనుడు.

1. ఇంక్యుబేటరులో వేడి 37.5 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద నిలుకడగ ఉన్నదా? గ్రుడ్లను రోజుకు పలుమార్లు త్రిప్పుచున్నారా?

2. గ్రుడ్లను వారము మించి నిలువ ఉంచుచున్నారా? నిలువ గ్రుడ్లు పొదుగుటకు పనికిరావు.

3. తల్లిదండ్రుల వయస్సు ఎంత? 10 వారముల నుండి 30 వారముల లోపు పిట్టల గ్రుడ్లు పొదుగుటకు శ్రేష్ఠము.

4. గ్రుడ్లు పెట్టు పిట్టల మేతలో మాంసకృత్తులు 20 శాతమునకు తగ్గకుండ ఉన్నవా? రోజుకు 14 నుండి 16 గంటల వెలుతురు అందుచున్నదా?

5. రెండు, మూడు ఆడపిట్టలకు ఒక మగపిట్ట చొప్పున ఉన్నదా?

ఇవన్నియు సరిగా ఉండియు పిల్లలు తగ్గుచున్నచో ఈ పరీక్ష చేయుడు. ఒకే వయస్సు గల 20 ఆడపిట్టలను ఎన్నుకొని మగవాని నుండి వేరుచేయుడు. రెండు వారములు ఆగుడు. మునుపటి మగవాని బీజము ప్రభావము ఆ గడువులో తీరిపోవును. తరువాత వానిని పదేసి చొప్పున రెండు భాగములు చేయుడు. ఒక భాగమునకు మీ మందలోని మగపిట్టలను నాలుగింటిని, రెండవ భాగమునకు సంబంధము లేని వేరొక మంద నుండి తెచ్చిన, అదే వయస్సు గల నాలుగింటిని విడువుడు. వారము గడచిన పిమ్మట రెండు భాగముల గ్రుడ్లను వేరుగా గుర్తులు పెట్టి, 50 చొప్పున ఒకే రోజున, ఒకే ఇంక్యుబేటరులో పెట్టుడు. మేత ఒకటే, వేడి ఒకటే, తల్లులు ఒక మందలోనివే. బయటి మగవాని గ్రుడ్లలో పిల్లలు స్పష్టముగ ఎక్కువ వచ్చినచో దోషము మీ మంద రక్తములో నున్నదని నిశ్చయింపవచ్చును. ఒకసారి చూచి తీర్మానింపక, మరల ఇంకొక విడత చేసి చూడుడు.

నాలుగు గూళ్ల పద్ధతి

సొంత విత్తనము నిలుపుకొనదలచిన రైతునకు ఈ పద్ధతి సులభము. 24 మగ, 60 ఆడపిట్టలను నాలుగు గుంపులు చేయుడు. గుంపునకు 6 మగవి, 15 ఆడవి. నాలుగు గుంపులకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలము అని పేర్లు పెట్టుకొని, పిల్లల కాళ్లకు ఆయా రంగుల పట్టీలు తొడుగుడు.

ఎరుపు గుంపులో పుట్టిన ఆడపిల్లలు పెరిగి ఎరుపు గుంపులోనే ఉండవలెను. ఎరుపు గుంపులో పుట్టిన మగపిల్లలు పసుపు గుంపునకు పోవలెను. పసుపు మగవి ఆకుపచ్చకు, ఆకుపచ్చవి నీలమునకు, నీలము మగవి ఎరుపునకు పోవలెను. ప్రతి తరమునకు ఇదే వరుస. ఆడపడుచు పుట్టింటనే ఉండును. మగవాడు పక్క ఇంటికి ఇల్లరికము పోవునని జ్ఞాపకము పెట్టుకొనిన చాలును. ఈ వరుస తప్పకున్నచో తోబుట్టువులు జతపడు ప్రసక్తి యుండదు.

మూడు వారముల వయస్సున మగ, ఆడ తేడా తెలియును. మగపిట్ట రొమ్ము ఈకలు మచ్చలు లేక ఎఱ్ఱని గోధుమ రంగున ఉండును. ఆడపిట్ట రొమ్ము బూడిద వన్నెపై నల్లని చుక్కలతో ఉండును. ఆ వయస్సుననే వేరుచేసి, ఏ గూటివి ఆ గూటికి పంపుడు.

ఎంపిక మానుకొనుమని దీని భావము కాదు. ఎక్కువ గ్రుడ్లు పెట్టు తల్లి పిల్లలనే ఎన్నుకొనుడు. అయితే నాలుగు గుంపులలోను ఏ గుంపునకు ఆ గుంపులో మేలైన వానిని ఎన్నుకొనుడు. మంద మొత్తములో మేలైన వానిని ఎన్నుకొన్నచో అవన్నియు ఒకే తల్లి బిడ్డలు కావచ్చును. మన ఉదాహరణలోని రైతు చేసిన తప్పు ఇదియే.

గ్రుడ్డుపై మచ్చలు చదువుడు

కౌజు పిట్ట గ్రుడ్డు 10 నుండి 12 గ్రాములుండును. దానిపై నల్లని, గోధుమ వన్నె మచ్చలుండును. ఒక పిట్ట పెట్టు గ్రుడ్లన్నిటిపై మచ్చల తీరు ఇంచుమించు ఒక్కటే. వేరొక పిట్ట తీరు వేరు. కొన్నిటికి పెద్ద మరకలు, కొన్నిటికి సన్నని చుక్కలు. ఇది ప్రతి తల్లికి ప్రకృతి యిచ్చిన చేవ్రాలు వంటిది.

గూటిలో 15 ఆడపిట్టలున్నప్పుడు అన్నియు సమానముగ పెట్టవు. కంటికి నచ్చిన పెద్ద గ్రుడ్లను ఏరి పొదుగుటకు పెట్టినచో, అవి మూడు నాలుగు తల్లులవే కావచ్చును. కావున పొదుగుటకు గ్రుడ్లను ఏరునప్పుడు తట్టలో మచ్చల తీరును బట్టి వరుసలు పేర్చుడు. ప్రతి తీరు నుండి సమానముగ తీసికొనుడు. పగిలినవి, వంకరవి, మరీ చిన్నవి విడువుడు. ఈ పనికి పట్టు సమయము అరగంట. తల్లులందరి రక్తము తరువాతి తరమునకు చేరుటకు ఇంతకన్న చవుకైన ఉపాయము లేదు.

క్రొత్త రక్తము తెచ్చునప్పుడు

ఎంత జాగ్రత్తపడినను చిన్న మందలో వైవిధ్యము కొంచెము కొంచెముగ తరుగుచుండును. ఏడాదికొకసారి బయటి నుండి కొన్ని మగపిట్టలను తెచ్చుట అవసరము.

తెచ్చునప్పుడు మొదటి ప్రశ్న: ఆ మంద ఎచ్చటిది? పొరుగూరి రైతు కూడ మీరు తెచ్చిన చోటనే, ఆ తల్లుల పిల్లలనే తెచ్చియున్నచో, అది క్రొత్త రక్తము కాదు. మీ రక్తమే చుట్టు తిరిగి వచ్చినది.

రెండవ ప్రశ్న: ఆరోగ్యము ఎట్లున్నది? తెచ్చిన పిట్టలను మూడు వారములు దూరముగ వేరొక కొట్టములో ఉంచి గమనించుడు. వాని మేత, నీటి గిన్నెలు వేరుగ ఉంచుడు. వీలైనచో పిట్టలకు బదులు పొదుగు గ్రుడ్లను తెచ్చుకొనుట మేలు. రోగములు వచ్చు అవకాశము తగ్గును. కోళ్ల కొట్టములో కౌజు పిట్టలను కలిపి పెంచరాదు.

మూడవది చట్టమునకు సంబంధించినది. చేలలో వలపన్ని అడవి కౌజులను, పూరేళ్లను పట్టి మందలో కలుపుట కూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. 2011లో జపాను కౌజు పిట్టల పెంపకముపై కూడ ఆంక్షలు వచ్చి, క్రొత్త ఫారములకు అనుమతులు నిలిచినవి. 2013 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ఈ పెంపుడు జాతిని ఆంక్షల నుండి మినహాయించినది. ఆ మినహాయింపు పెంపుడు పిట్టకే గాని అడవి పిట్టకు కాదు. అట్లే, అమ్ముడుపోని పిట్టలను చేలలో వదలివేయుటయు తగదు. ఐరోపాలో విడిచిన జపాను పిట్టలు అచ్చటి అడవి కౌజులతో కలిసి సంకర సంతతికి కారణమైనవి. మన అడవి పిట్టల రక్తమును పాడుచేయు హక్కు మనకు లేదు.

అందరును విత్తనము తీయనవసరము లేదు

మొక్కజొన్న పండించు మీకు ఒక సంగతి బాగుగ తెలియును. హైబ్రిడ్ విత్తనపు కంకి ఎంత నిండుగా నున్నను, దాని గింజలను మరుసటి ఏటికి విత్తనముగ దాచుకొనరు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్ల విషయమును అంతే. వేరువేరుగ కాపాడిన వంశములను కలిపి ఆ పిల్లలను తీయుదురు. వాని సంతతిలో ఆ గుణము అట్లే నిలువదు.

తినుటకు గ్రుడ్లు అమ్ముకొను రైతు విత్తనము తీయు శ్రమ పెట్టుకొనవలసిన పనిలేదు. విడతకు విడత మంచి చోటు నుండి ఆడపిల్లలను తెచ్చుకొనుటయే లాభము. మగపిట్ట లేకపోయినను ఆడపిట్ట గ్రుడ్లు పెట్టును. కావున అట్టి కొట్టములో మగవానికి పెట్టు మేత దండుగ. విత్తనము తీయువారు మాత్రము మగవాని మేతను ఖర్చుగా కాక, మందకు పెట్టిన ఎరువుగా భావింపవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి

ఒక్క రైతు 84 పిట్టల విత్తనపు మందను నాలుగు గుంపులుగా నిలుపుట కష్టము కావచ్చును. నలుగురు రైతులు కలిసినచో సులభము. మిరుదొడ్డిలో ఒకరు, దుబ్బాక, తొగుట, సిద్దిపేట ప్రాంతములలో ఒక్కొక్కరు చొప్పున ఒక్కొక్క గుంపును పెంచి, తరమునకొకసారి మగపిట్టలను వరుస తప్పక మార్చుకొనవచ్చును. ఒక గుంపునకు రోగము సోకినను మిగిలిన మూడు నిలుచును. ఏ గూటి నుండి ఏ గూటికి ఎన్ని పోయినవో వ్రాయు పుస్తకము ఒకటి, పిట్టల ఆరోగ్యమును చూచు పశువైద్యాధికారి సలహా, నలుగురిని ఒకచోట కూర్చుండబెట్టు పెద్దమనిషి: ఇంతియే కావలసినది. ఈ పనికి మీరు పూనుకొనవలెను.

రైతు సోదరులారా! రేపు ఉదయము కొట్టములోనికి పోయినప్పుడు పిట్టలు ఎన్ని యున్నవని లెక్కింపకుడు. పొదుగుటకు పెట్టిన గ్రుడ్లకు తండ్రులు ఎందరో, తల్లులు ఎందరో లెక్కించుడు. ఆ సంఖ్య పదిలోపు ఉన్నచో ఈ విడతకు ఇంక్యుబేటరు ఆపి, ముందు మగపిట్టలను వెదకి తెచ్చుకొనుడు.